మైనర్‌గా కేసు, ఆ తర్వాత ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో జువైనల్ జస్టిస్ బోర్డు (మైనర్ల మీద పెట్టిన కేసులను విచారించే బోర్డు) ముందుకు వచ్చే పిల్లలకు చదువు, ఉపాధి దారులు చూపడం నా వృత్తి. తల్లిదండ్రుల నుంచి, యజమానుల నుంచి నేను పదేపదే వినే మాటల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: ఒకసారి కేసయితే సర్కారు కొలువు ఇక కల్లే.

వాస్తవం: ఈ మాట నమ్మి చదువు మానేసే పిల్లలను చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద విచారణ జరిగి తప్పు రుజువైనా, దాని కారణంగా బాలుడికి ఎలాంటి అనర్హతా కలగదు. నిర్ణీత గడువు తర్వాత రికార్డులను ధ్వంసం చేయాలి. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు వెల్లడించరాదని 74వ సెక్షన్ చెబుతోంది. కేంద్ర సాయుధ బలగానికి ఎంపికైన ఒక యువకుడి నియామకాన్ని మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపి అడ్డుకోగా, 2019లో సుప్రీంకోర్టు అతని పక్షానే తీర్పు ఇచ్చింది.

మినహాయింపు ఒకటుంది. పదహారేళ్లు నిండినవారిని ఘోర నేరంలో చిల్డ్రన్స్ కోర్టు పెద్దవారిగా విచారించి దోషిగా తేలిస్తే ఈ రక్షణ వర్తించదు. బైకు, సెల్‌ఫోన్ దొంగతనాలు, వీధి కొట్లాటల కేసుల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు దీని గురించి బెంగపడనక్కర్లేదు. అయితే దరఖాస్తులో కేసుల గురించి అడిగిన చోట సొంత ఊహతో రాయకుండా, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా తీసుకోవాలి, ఎందుకంటే ముగిసిన కేసు వేరు, నడుస్తున్న కేసు వేరు.

అపోహ: కేసులో ఉన్న పిల్లలను ఉంచే ప్రభుత్వ హోంలో ఏదో ఒక పని నేర్పితే చాలు, కుర్రాడు బాగుపడతాడు.

వాస్తవం: బెయిలు ఇవ్వడమే చట్టం చెప్పే సాధారణ పద్ధతి కనుక, చాలామంది హోంలో ఉండేది కొద్ది రోజులే, ఆ కాస్త సమయంలో ఏ పనీ పూర్తిగా చేతికి రాదు. అసలు చిక్కులు బయట ఉంటాయి. బడి నుంచి టీసీ తెచ్చుకోని కుర్రాడికి ఐటీఐలో సీటు దొరకదు, తన పేరిట ఖాతా లేనివాడి జీతం ఇంకెవరి చేతికో పోతుంది. బాలానగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాపులో పద్దెనిమిది నిండిన కుర్రాడు మొదట్లో ఇనుప రజను ఊడ్చి, డ్రిల్ బిట్లను సైజులవారీగా సర్దాడు. తర్వాత వెర్నియర్ అనే కొలత పరికరంతో షాఫ్టు కొలిచి, చేతులు తుడుచుకుని కొలత కాగితం మీద రాసేదాకా వచ్చాడు. అంతలో అతని పాత కేసు వాయిదాలు అడ్డొచ్చాయి. సెలవు ఎందుకని యజమాని అడిగితే ఏం చెప్పాలో తెలియక పని మానేయడానికే సిద్ధపడ్డాడు. విచారణకు బాలుడి హాజరు అవసరం లేదనిపిస్తే బోర్డు మినహాయింపు ఇవ్వాలని 91వ సెక్షన్ చెబుతున్నా, ఆ సంగతి ఇళ్లలో తెలియదు. న్యాయవాది ద్వారా తప్పక అడగాలి.

అపోహ: పద్దెనిమిది లోపు ఎవరిని పనిలో పెట్టుకున్నా నేరమే.

వాస్తవం: 14 నుంచి 18 ఏళ్లవారికి నిషేధం ప్రమాదకర పనులకే. అయినా ఆ వయసులో ఓపెన్ స్కూల్ పదో తరగతే మేలని నా అభిప్రాయం.

అపోహ: పద్దెనిమిది నిండగానే ప్రభుత్వ బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: సంస్థ నుంచి బయటికి వచ్చేవారికి 46వ సెక్షన్ కింద 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు తోడ్పాటు ఉంది; పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయానికీ వీలుంది. దీని గురించి బాలుడు ఇంకా హోంలో ఉండగానే జిల్లా బాలల పరిరక్షణ అధికారిని అడిగి, దరఖాస్తు పెట్టించాలి.