నర్సింగ్ స్టూడెంట్ల కోవిడ్ భయాలు: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేస్తూ, బ్యాగులతో గేటు దగ్గర నిలబడి మా పిల్లలు అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తే. టీవీలో ఏదో కొత్త వైరస్ పేరు వినపడితే చాలు, ఇప్పటి ఫస్టియర్ వాళ్ళూ అవే అడుగుతున్నారు.

అపోహ: లాక్‌డౌన్‌లో ఫోన్లో పాఠాలు విన్న ఆన్‌లైన్ బ్యాచ్‌కి చేతిపని రాదు.

వాస్తవం: ఫోన్లో చూసి ఇంజెక్షన్ చేయడం రాదు, నిజమే. అది పోస్టింగ్‌లోనే, అంటే ఆసుపత్రి వార్డు డ్యూటీలోనే నేర్చుకోవాలి, ఆలస్యమైనా నేర్చుకోవచ్చు. కానీ పేషెంట్‌ని గమనించడం ఇంట్లో కూడా అలవాటవుతుంది. తెనాలి దగ్గర పల్లెకి వెళ్ళిన ఒకమ్మాయి రోజూ రెండు పూటలా వాళ్ళ నాయనమ్మ నాడి, ఊపిరి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసేది. ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. చూస్తున్నామని చెబితే వాళ్ళ ఊపిరి తీరే మారిపోతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే లెక్కపెట్టాలి. వార్డు హడావుడిలో పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించేవాళ్ళే ఎక్కువ. ఆ అమ్మాయి మాత్రం వార్డుకొచ్చిన మొదటి వారమే, "ఈయన ఊపిరి నిమిషానికి 30 దాటింది మేడమ్" అని పరిగెత్తుకొచ్చింది.

అంతేగానీ ఇంట్లోవాళ్ళ మీద సూదులు ప్రాక్టీస్ చేయొద్దు. అడిగినవాళ్ళున్నారు మరి!

అపోహ: పీపీఈ కిట్ వేసుకుంటే ఇక ఏం కాదు.

వాస్తవం: వేసుకునేటప్పటికంటే తీసేటప్పుడే ప్రమాదం ఎక్కువ. కిట్ బయటి వైపు తాకిన చెయ్యి ముఖానికి పోకూడదు. మాస్కు అన్నిటికన్నా చివర, పేషెంట్ గది దాటాకే తీయాలి. చేతులు సబ్బుతో అయితే 40–60 సెకన్లు, హ్యాండ్ రబ్‌తో (శానిటైజర్‌తో) అయితే 20–30 సెకన్లు రుద్దాలి. చెప్పినంత తేలిక కాదు. మే నెలలో గంటల తరబడి కిట్‌లో చెమటతో తడిసి బయటికొస్తే ముందు మాస్కే లాగిపారేయాలనిపిస్తుంది. నేనే ఒకసారి లాగేశాను. తర్వాత పద్నాలుగు రోజులు మా పాపని దగ్గరికి రానివ్వలేదు. అందుకే డెమోలో గ్లౌజులకి పసుపు నీళ్ళు పూసి తీయమంటాను. ముక్కు మీద పసుపు చూసుకుని ముందు నవ్వుతారు.

అపోహ: స్టూడెంట్లని కోవిడ్ ఐసీయూలో ఒంటరిగా వదిలేస్తారు.

వాస్తవం: 2021 మేలో, సెకండ్ వేవ్ మధ్య, కేంద్రం కోవిడ్ డ్యూటీలకి తీసుకుంటామన్నది బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పాసైన నర్సుల్ని. అదీ సీనియర్ డాక్టర్లు, నర్సుల పర్యవేక్షణలో. వంద రోజులు చేసినవాళ్ళకి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని కూడా ప్రకటించింది. రాని పని ఎవరైనా అప్పజెబితే "నాకిది రాదు సిస్టర్" అని ఇన్‌ఛార్జ్‌కి చెప్పేయండి. సిగ్గుపడి చేస్తే పోయేది పేషెంట్ ప్రాణం.

అపోహ: భయపడేవాళ్ళు నర్సింగ్‌కి పనికిరారు.

వాస్తవం: భయం అసలు లేనివాళ్ళతోనే నాకు టెన్షన్. గ్లౌజులు మార్చకుండా ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి పోయేది వాళ్ళే. కాకపోతే నిద్ర, తిండి మానేసేంత భయమైతే దాచుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ళ భయం వేరు. కాలేజీ తెరిచాక గుంటూరు నుంచి ఒక నాన్నగారు, చదువు మాన్పిస్తానని అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. వాదించలేదు. ఆయన ఎదురుగానే ఆ అమ్మాయి చేత పసుపు గ్లౌజులు తీయించాను. "గడ్డానికి తగిలింది చూడమ్మా, మళ్ళీ తియ్యి" అన్నది నేను కాదు, ఆయనే.