కళ్లు పోతాయని చెప్పని ఇళ్లు

"తప్పు, కళ్లు పోతాయి. లెంపలేసుకో." మన ఇళ్లలో పిల్లల నీతి పాఠం చాలాసార్లు ఈ రెండు మాటలతోనే అయిపోతుంది. దేవుణ్ణి నమ్మని అమ్మానాన్నలకు ఆ సుళువు లేదు. పక్కవాడి పెన్సిల్ ఎందుకు తీసుకోకూడదో కూర్చుని విడమరిచి చెప్పాలి. చుట్టాలేమో "భయం భక్తీ లేకుండా పెంచుతున్నారు, రేపు మీ మాటే వినడు" అంటుంటారు. అక్షరాభ్యాసానికి బాసర తీసుకెళ్లలేదంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఈ వ్యవహారం కోర్టు దాకా కూడా వెళ్లింది. కొడుకు జనన ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకుంటే మతం గడి నింపాల్సిందేనన్నారని ఒక జంట తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. 'మతం లేదు, కులం లేదు' అని రాసుకునే వీలు దరఖాస్తులో ఉండాలని 2023 జులైలో కోర్టు ఆదేశించింది.

ఇది ఈ తరానికి పుట్టిన ఆలోచన కాదు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. జంధ్యం తీసేసినందుకు ఇల్లు వదలాల్సి వచ్చింది. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది.

వాళ్లకు తొమ్మిది మంది పిల్లలు. పేర్లలోనే తేడా తెలుస్తుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. తొమ్మిదో సంతానం నౌ, అంటే హిందీలో తొమ్మిది. (మా ఇంట్లోనైతే ఎవరు పుట్టినా వెంకటేశ్వర్లే.) గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని తలుపులేసుకునే రోజుల్లో సరస్వతి గర్భంతో ఉండి బయటికొచ్చి అందరి ముందూ గ్రహణం చూశారు. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని కూడా ఆ కుటుంబం చేసి చూపింది. అక్కడి పెంపకం నాకు అర్థమైనంతలో ఇదీ: పిల్లలకు చెప్పేది తక్కువ, వాళ్ల కళ్ల ముందు చేసేది ఎక్కువ.

పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడికిచ్చి పెళ్లి చేస్తానని గోరా గాంధీకి చెప్పారు. సేవాగ్రాంలోని తన ఆశ్రమంలో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరున ప్రమాణం చేయించడానికి కూడా సరేనన్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. పెళ్లి మార్చి 13న సేవాగ్రాంలోనే జరిగింది.

ఇక్కడే నాకొక సందేహం. అది తండ్రి సంకల్పంతో మొదలైన పెళ్లి. దేవుడు లేని ఇంట్లో కూడా నాన్న నమ్మకమే మతమై కూర్చోవచ్చు. తండ్రితో "నేను గుడికెళ్తాను" అనగలిగే చోటు పిల్లలకు ఉందా అన్నదే స్వేచ్ఛగా ఆలోచించడానికి అసలు పరీక్ష. గోరా పిల్లల్లో చాలామంది ఆ దారిలోనే నడిచారు. లవణం, కవి జాషువా కూతురు హేమలతను పెళ్లాడి, ఆమెతో కలిసి దొంగల ఊరని ముద్రపడ్డ స్టువార్టుపురంలో మార్పు కోసమూ, ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే జోగిని ఆచారానికి వ్యతిరేకంగానూ పనిచేశారు. సమరం డాక్టరుగా ఇంటింటికీ తెలిసిన పేరు. విద్య 1980లో, 1989లో విజయవాడ ఎంపీ. అయితే వాళ్ల చుట్టూ ఒక ఉద్యమం ఉంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న జంటకు ఆ అండ ఉండదు.

బడి సంగతికొస్తే, రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో, ప్రార్థనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. ఆ మాట హెడ్‌మాస్టర్ ముందు అనడానికే చాలామందికి టెన్షన్.

గడి ఖాళీగా వదిలే ధైర్యం కూడా అందరికీ ఒకే ధరకు దొరకదు. అగ్రకులం వాళ్లకు 'కులం లేదు' అని రాస్తే పోయేదేమీ పెద్దగా లేదు. బీసీ ఇంట్లో అదే రాస్తే రేపు పిల్లల రిజర్వేషన్ ప్రశ్నార్థకమవుతుంది. ఎస్సీలకైతే మతం గడితో కూడా చిక్కే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, ఎస్సీ హోదాను హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకే ముడిపెట్టింది. అందుకే ఇంట్లో పూజగది లేకపోయినా ఫారంలో మాత్రం 'హిందూ' అని రాసి వచ్చేవాళ్లున్నారు.