అపోహలు - వాస్తవాలు: పోయిన ఫైల్‌ను ప్యాకేజీ మేనేజర్ తెచ్చిస్తుందా?

అపోహ: ఫైల్ పోతే ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే చాలు. అప్పటికీ రాకపోతే పర్జ్ చేసి (సెట్టింగులతో సహా పూర్తిగా తీసేసి) మళ్లీ వేసుకోవాలి.

డెబియన్, ఉబుంటు లినక్స్ సర్వర్ల మీద ఎక్కువ నష్టం తెచ్చే సలహా ఇదే. /యూఎస్‌ఆర్ కింది బైనరీలు (ప్రోగ్రామ్ ఫైళ్లు), లైబ్రరీలు పోతే రీఇన్‌స్టాల్‌తో వచ్చేస్తాయి, నిజమే. /ఈటీసీలో ఉండే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ల సంగతి వేరు. అలాంటి ఫైల్‌ను తీసేయడం కూడా అడ్మిన్ చేసుకున్న మార్పేనని డీపీకేజీ (ఈ సిస్టమ్‌లలో ప్యాకేజీలను డిస్క్ మీద పెట్టే, తీసేసే ప్రోగ్రామ్) లెక్కగడుతుంది. అందుకే ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా ఎర్రర్ చూపదు, ఫైల్ పెట్టదు. ఇది బగ్ కాదు. మీరు కావాలనే తీసేసిన క్రాన్ ఫైల్ (వేళకు పనులు నడిపించేది) ప్రతి అప్‌గ్రేడ్‌కూ తిరిగి రాకుండా కాపాడేది ఈ పద్ధతే.

సర్వీస్ ఆగిపోయినప్పుడు చేతులు ఆడవు, అది అర్థం చేసుకోగలిగిందే. కానీ ఆ కంగారులో పర్జ్ కొడితే ఆ ప్యాకేజీ కాన్ఫిగ్ ఫైళ్లన్నీ, మీరు మార్చుకున్నవాటితో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. ప్యాకేజీ స్క్రిప్ట్‌లో అలా రాసి ఉంటే లాగ్‌లు, డేటా కూడా పోతాయి. పోయింది ఒక్క ఫైల్ అయితే పోగొట్టుకునేది అన్నీ!

ముందు డీపీకేజీ --వెరిఫై పక్కన ప్యాకేజీ పేరు ఇచ్చి చూడండి. లేని ఫైల్ ఎదురుగా 'మిస్సింగ్' అని, అది కాన్ఫిగ్ ఫైల్ అయితే 'సి' అక్షరం కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత ఆప్ట్-గెట్ (ప్యాకేజీలు దింపి డీపీకేజీకి ఇచ్చే కమాండ్)తో ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ కొడుతూ, -ఓ ఆప్షన్ ద్వారా డీపీకేజీకి --ఫోర్స్-కాన్ఫ్‌మిస్ అందించండి. ఆ ప్యాకేజీకి చెంది, డిస్క్ మీద లేని కాన్ఫిగ్ ఫైళ్లన్నీ వస్తాయి, కావాలని తీసేసినవి కూడా. ఒక్కటే కావాలంటే ఆప్ట్-గెట్ డౌన్‌లోడ్‌తో డెబ్ ఫైల్ (ప్యాకేజీ ఫైల్) దింపి, డీపీకేజీ-డెబ్ -ఎక్స్‌తో వేరే ఫోల్డర్‌లో విప్పి, దాన్ని మాత్రం కాపీ చేసుకోండి.

అప్పటికీ రాకపోతే ఆ ఫైల్ యూసీఎఫ్ (కొన్ని కాన్ఫిగ్ ఫైళ్లను డీపీకేజీకి బదులు చూసుకునే ప్రోగ్రామ్) చేతిలో ఉండొచ్చు. బూట్ లోడర్ అయిన గ్రబ్ డిఫాల్ట్ ఫైల్ అలాంటిదే. అప్పుడు యూసీఎఫ్_ఫోర్స్_కాన్ఫ్‌మిస్=1 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చి రీఇన్‌స్టాల్ చేయాలి. ఇందులో 'కాన్ఫ్'కు ఎఫ్ రెండుసార్లు, డీపీకేజీ ఆప్షన్‌లో ఒక్కసారే. ఈ వేరియబుల్‌ను సూడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) తర్వాత రాయండి, ముందు రాస్తే మామూలుగా సూడో దాన్ని వదిలేస్తుంది.

ఆర్‌పీఎమ్ ప్యాకేజీలు వాడేవాళ్లకు (ఫెడోరా లాంటి లినక్స్‌లు) ఈ చిక్కు లేదు. అక్కడి ప్యాకేజీ మేనేజర్ డీఎన్ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేస్తే, లేని కాన్ఫిగ్ ఫైల్‌ను మళ్లీ పెట్టేస్తుంది.

అపోహ: ఆప్ట్-గెట్‌కు --ఫిక్స్-మిస్సింగ్ ఆప్షన్ ఇస్తే పోయిన ఫైళ్లను తెస్తుంది.

తేదు. డౌన్‌లోడ్ కాని ప్యాకేజీలను పక్కనపెట్టి మిగతావాటితో ముందుకెళ్తుంది, అంతే. 404 (ఫైల్ దొరకలేదనే ఎర్రర్) వస్తే ముందు ఆప్ట్ అప్‌డేట్ చేయండి.

అపోహ: 'ఫైల్స్ లిస్ట్ ఫైల్ మిస్సింగ్' అని హెచ్చరిక వస్తే డీపీకేజీ ఇన్ఫో ఫోల్డర్ పేరు మార్చేసి కొత్తది పెట్టాలి.

దయచేసి ఈ పుకారును ఎవరికీ పంపకండి. ఏ ఫైల్ ఏ ప్యాకేజీదో రాసి ఉండేది, ప్యాకేజీల స్క్రిప్ట్‌లు ఉండేది ఆ ఫోల్డర్‌లోనే. అది లేకపోతే ప్యాకేజీ తీసేసినా దాని ఫైళ్లు డిస్క్ మీదే మిగిలిపోతాయి. హెచ్చరికలో పేరున్న ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే దాని లిస్ట్ మళ్లీ తయారవుతుంది. దొరికే ప్యాకేజీల జాబితాలుండే /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ పోతే మాత్రం భయం లేదు, ఆప్ట్ అప్‌డేట్ మళ్లీ దింపుకుంటుంది. ఏ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యాయో రాసి ఉండే డీపీకేజీ స్టేటస్ ఫైలే పోతే పక్కనే ఉండే స్టేటస్-ఓల్డ్, లేదా /వార్/బ్యాకప్స్‌లోని డీపీకేజీ.స్టేటస్.0 కాపీ చేసి వాడండి. కాపీ పెట్టేదాకా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి.