బబ్లూకి, చిన్నికి, మీ పెదనాన్న రాసేది

బబ్లూ, చిన్నీ,

మొన్న ఫోన్లో బబ్లూ అడిగాడు కదా, "పెదనాన్నా, మా సూపర్‌మార్కెట్లో జీతాల, షరతుల అగ్రిమెంట్ మీద ఓటింగ్ అంట, మెజారిటీ వస్తే ఇక అయిపోయినట్టేగా" అని. అవదురా. ఫెయిర్ వర్క్ కమిషన్, అంటే ఇక్కడ ఉద్యోగాల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్, ఆమోదించేదాకా అది ఉత్త కాగితమే.

ఆస్ట్రేలియాలో ఇదంతా 2009 ఫెయిర్ వర్క్ యాక్ట్ ప్రకారం నడుస్తుంది. కంపెనీకీ పనిచేసేవాళ్ళకీ మధ్య బేరాలు మొదలయ్యాక 14 రోజుల్లోపు కంపెనీ అందరికీ నోటీసివ్వాలి, మీ తరఫున మాట్లాడే మనిషిని మీరే పెట్టుకోవచ్చు అని, యూనియన్ మెంబరైతే ఎలాగూ యూనియనే మాట్లాడుతుంది. ఆ నోటీసు ఆఖరి మనిషికి కూడా ఇచ్చాక 21 రోజులు ఆగితే గానీ ఓటింగ్ పెట్టకూడదు. ఓటేసినవాళ్ళలో సగం కంటే ఎక్కువమంది సరే అంటే, ఆ తర్వాత 14 రోజుల్లో కమిషన్‌కి అప్లికేషన్ వెళ్ళాలి.

కమిషన్ మొదట చూసేది జనం నిజంగా అర్థమయ్యే ఒప్పుకున్నారా అని. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకీ, మీలాంటి చిన్నవాళ్ళకీ తగ్గట్టు విడమరిచి చెప్పాలని చట్టంలోనే ఉంది. నేను వచ్చిన కొత్తలో ఒక గోడౌన్లో చేశా, అక్కడ అగ్రిమెంట్ కాగితాల బొత్తిని మైక్రోవేవ్ పక్కన పడేసి "మంచి డీలే, ఎస్ కొట్టండి" అన్నారు, నేను అన్నం వేడెక్కేలోపు మొదటి పేజీ తిప్పి ఎస్ కొట్టేశా, అంత తెలివి నాది.

తర్వాతది బూట్, అంటే బెటర్ ఆఫ్ ఓవరాల్ టెస్ట్, నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. మీ రంగానికి ఒక అవార్డు ఉంటుంది, పేరు చూసి బహుమతి అనుకునేరు, కనీస జీతాలూ షరతులూ రాసిన పత్రం అది. దానితో పోలిస్తే అగ్రిమెంట్ కింద ప్రతి ఒక్కరూ మొత్తమ్మీద మెరుగ్గా ఉండాలి, సగటున కాదు. ఊరికే అంకెల కోసం అనుకో, అవార్డులో గంటకి 25 డాలర్లు, ఆదివారం ఒకటిన్నర రెట్లు అంటే 37.50. అగ్రిమెంట్లో ఏ రోజైనా 28. సోమవారం పనిచేసేవాడికి పండగే, ఆదివారాలే చేసే నీకు గంటకి తొమ్మిదిన్నర డాలర్లు గోవిందా.

ఇది కథ కాదురా, బ్రిస్బేన్‌లో కోల్స్ సూపర్‌మార్కెట్లో ట్రాలీలు తోసే స్టూడెంట్ ఒకడు సరిగ్గా ఈ లెక్కే పట్టుకున్నాడు. ఆ అగ్రిమెంట్ యూనియన్ కుదిర్చిందే, ఓటింగులో నెగ్గిందే, 2015లో ఆమోదం కూడా వచ్చేసింది. అయినా 2016 మేలో కమిషన్ ఫుల్ బెంచ్, అంటే కొందరు సభ్యులు కలిసి కూర్చునే బెంచి, రాత్రుళ్ళూ వీకెండ్లూ చేసేవాళ్ళు కొందరు నష్టపోతున్నారు, బూట్ పాస్ కాలేదు అని తేల్చేసింది. ఇలాంటప్పుడు కంపెనీ "ఆ లోటు పూడుస్తాం" అని అండర్‌టేకింగ్ రాసిస్తే గట్టెక్కొచ్చు, కోల్స్ ఇవ్వలేదు, దాంతో పాత అగ్రిమెంటుకే పోవాల్సొచ్చింది.

ఆమోదం వచ్చాక మామూలుగా 7 రోజులకి అమల్లోకి వస్తుంది, గడువు నాలుగేళ్ళకి మించి రాసుకోకూడదు, ఇంకోటి వచ్చేదాకో రద్దయ్యేదాకో గడువు దాటినా అదే నడుస్తుంది.

ఓటింగ్ శుక్రవారం అన్నావు కదా బబ్లూ, ఈలోపు నీ రోస్టరూ, పెనాల్టీ రేట్లు, అంటే రాత్రుళ్ళకీ వీకెండ్లకీ ఇచ్చే ఎక్కువ రేట్లు, ఉన్న పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. చిన్నీ, నువ్వు కాలిక్యులేటర్ పట్టుకుని రెడీగా ఉండు, నా లెక్కలు ఎలా ఉంటాయో మీ పెద్దమ్మనడిగితే చెప్తుంది.

మీ పెదనాన్న
మెల్‌బోర్న్