కట్టేయొద్దన్నారు సరే, పట్టుకోవడం ఎవరు నేర్పాలి?

హైదరాబాద్‌లో మానసిక వైద్యం అనగానే ఎర్రగడ్డ గుర్తొస్తుంది. ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉన్న మానసిక ఆస్పత్రిని 1953లో అక్కడికి తెచ్చారు. అప్పటికి అమల్లో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. రోగిని ఎవరి ఆర్డరు మీద లోపల ఉంచాలన్నదే దాని ధ్యాస. ఉద్రేకంలో ఉన్న మనిషిని దెబ్బ తగలకుండా ఎలా పట్టుకోవాలన్నది వార్డు సిబ్బంది తలనొప్పి.

దీన్నొక శిక్షణగా మలిచింది 1980ల నాటి బ్రిటన్ జైళ్లు. అక్కడి నుంచే మానసిక ఆస్పత్రులకు పాకింది. జైలు విద్య కదా, లొంగదీయడమే దాని లక్ష్యం. 1998లో నార్విచ్‌లోని ఒక క్లినిక్‌లో డేవిడ్ బెన్నెట్ అనే రోగిని సిబ్బంది బోర్లా పడేసి అదిమి పట్టుకున్నారు. ఆయన చనిపోయాడు. బోర్లా ఉన్న మనిషి వీపు మీద బరువు పడితే ఛాతీ విచ్చుకోదు, ఊపిరి ఆడదు. పెనుగులాడుతున్నాడని ఇంకా గట్టిగా నొక్కుతారు, నిజానికి అతను గాలి కోసం కొట్టుకుంటుంటాడు. బోర్లా పట్టుకోవడం మూడు నిమిషాలు దాటకూడదని విచారణ కమిటీ సిఫారసు చేసింది.

మన దగ్గర కళ్లు తెరిపించింది గొలుసులు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక చోట మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. ఒంటరి గదిలో బంధించడమూ కుదరదు. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితో, రికార్డు రాసి కదలకుండా పట్టి ఉంచాలి. నామినేటెడ్ ప్రతినిధికి, అంటే రోగి తరఫున మాట్లాడే మనిషికి, 24 గంటల్లో చెప్పాలి. సిబ్బంది తక్కువని కట్టేయకూడదని కూడా అందులో ఉంది. ఆ మాట విడిగా రాయాల్సి వచ్చిందంటే వార్డుల సంగతి ఢిల్లీకి బాగానే తెలుసన్నమాట.

మరి సిబ్బంది ఒళ్లు? ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వైద్య సిబ్బందిపై దాడులకు మూడేళ్ల దాకా జైలు అని చట్టం వచ్చింది. అది దెబ్బ తగిలాక కేసు పెట్టడానికి. 2024 సెప్టెంబర్‌లో గాంధీ ఆస్పత్రిలో ఒక రోగి మహిళా జూనియర్ డాక్టర్‌ను పట్టుకుని లాగాడు, పక్కవాళ్లు వచ్చి విడిపించారు. ఇలాంటప్పుడు పనికొచ్చేది బ్రేక్‌అవే: ఎదుటివాణ్ని కొట్టకుండా పట్టు విడిపించుకుని దూరం జరగడం. మణికట్టు పట్టుకుంటే బొటనవేలి వైపు తిప్పి లాగాలి, పట్టులో బలహీనం అదే. జుట్టు పట్టుకుంటే వెనక్కి లాక్కోకుండా ఆ చేతిని మన తలకే నొక్కిపట్టాలి.

నన్నడిగితే ఈ బ్రేక్‌అవే ఆయమ్మ నుంచి డాక్టర్ దాకా అందరికీ నేర్పాలి. మనిషిని పట్టి ఆపే పని మాత్రం ప్రతి షిఫ్టులో తర్ఫీదు పొందిన కొద్దిమందిదే కావాలి. వాళ్లలో ఒకరు ఏ చేయీ పట్టుకోకుండా, రోగి తల దగ్గర కూర్చుని ఊపిరి చూస్తూ ఉండాలి.