చలిజ్వరానికి చెట్టు మందు: సింకోనా బెరడు నుంచి గచ్చకాయ దాకా

నేలవేము కషాయం తాగితే మలేరియా పోతుంది, మాత్రలు అక్కర్లేదు అని వానలు పడగానే ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతాయి. నమ్మేసేవాళ్లు కొందరు, చెట్టు మందులన్నీ ఉత్తవే అని కొట్టిపారేసేవాళ్లు కొందరు. నాకు రెండూ తప్పే అనిపిస్తుంది, ఎందుకంటే మలేరియాకి దొరికిన గొప్ప మందులు రెండూ చెట్ల నుంచి వచ్చినవే.

మొదటిది సింకోనా. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే ఈ చెట్టు బెరడు 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు అందులోంచి మలేరియాని తగ్గించే క్వినైన్ అనే మందుని వేరుచేశారు. బ్రిటిష్‌వాళ్లు 1860ల్లో నీలగిరుల్లో తోటలు వేశారు కానీ, క్వినైన్ బాగా ఉండే రకం విత్తనాలు జావాలోని డచ్చివాళ్లకి దక్కాయి. వాటిని బొలీవియా అడవుల్లో ఏరి ఇచ్చింది మాన్యుయెల్ ఇంక్రా మమానీ అనే అక్కడి ఐమారా తెగ మనిషి. విత్తనాలు బయటికి పంపాడని అక్కడి అధికారులు జైల్లో పెట్టి కొట్టారు, ఆ దెబ్బలకే చనిపోయాడు. క్వినైన్ కథలో ఈయన పేరు చాలామంది చెప్పరు, అది నాకు బాధగా ఉంటుంది.

ఆ తర్వాత ల్యాబ్‌లో తయారుచేసిన క్లోరోక్విన్ అనే మలేరియా మందు చౌక, బాగా పనిచేసింది కూడా. కానీ 1950ల చివరికల్లా ఆగ్నేయాసియాలో, దక్షిణ అమెరికాలో మలేరియా క్రిమి దానికి లొంగడం మానేసింది. వియత్నాం యుద్ధంలో సైనికులు జ్వరాలతో కూలిపోతుంటే ఉత్తర వియత్నాం చైనా సాయం అడిగింది, 1967 మే 23న రహస్యంగా ఒక పని మొదలైంది, ఆ తేదీతోనే దానికి ప్రాజెక్ట్ 523 అని పేరు.

అందులో తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి రెండు వేలకు పైగా మందుల వివరాలు పోగుచేసింది. చింగ్‌హావ్ అనే మొక్క రసం ఎలుకల్లో ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే పనిచెయ్యలేదు. ఎందుకా అని ఆమె 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన చికిత్సను మళ్లీ చదివింది. గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని ఎక్కడా లేదు! వేడికి మందు చచ్చిపోతోందేమో అని ఆమెకి తట్టింది. నీళ్లకి బదులు 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీశారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో నూటికి నూరు శాతం పనిచేసింది. రోగులకి ఇచ్చే ముందు ఆమె, ఇంకో ఇద్దరు సహచరులు తామే మింగి చూసుకున్నారు. ఆ మందే ఆర్టిమిసినిన్, 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది.

అంటే మొక్క ఎన్నో వందల ఏళ్లుగా వాళ్ల ఎదుటే ఉంది. దాన్ని ఎలా తియ్యాలి, ఎంత ఇవ్వాలి అన్నది తేలాకే మందైంది. అదే మొక్కని ఇంట్లో టీ కాచుకుని మలేరియాకి తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది, ఆకులో మందు ఒకోసారి ఒకోలా ఉంటుంది, చాలీచాలని మోతాదు పడితే క్రిమి చావకపోగా రాటుదేలుతుంది.

మన మొక్కల్నీ ఇలా పరీక్షించకపోలేదు. ఏడాకుల పాల బెరడు, గచ్చకాయ గింజలు వగైరాలతో ఆయుష్-64 అనే మాత్ర తయారుచేశారు. వైవాక్స్ అనే రకం మలేరియా మీద క్లోరోక్విన్‌తో పోల్చి చూస్తే క్లోరోక్విన్ వేసుకున్నవాళ్లందరికీ తగ్గింది, దీనితో దాదాపు సగం మందికే. సగం మందికి తగ్గిందంటే అందులో ఏదో ఉంది, ఇంకా తవ్వాల్సిందే అంటాను నేను. నేలవేము సారం కూడా ల్యాబ్‌లో క్రిమి మీద కొంత పనిచేసింది. కానీ ల్యాబ్ గాజు పలకలో పనిచెయ్యడం వేరు, మన్యంలో చలితో వణికిపోతున్న పిల్లాడి ఒంట్లో పనిచెయ్యడం వేరు. మలేరియాలో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకమైతే ఒకట్రెండు రోజుల్లోనే మెదడుకెక్కే ప్రమాదముంది. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో వేలి చివర ఒక్క చుక్క రక్తం తీస్తే మలేరియానో కాదో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. కషాయం కాచడానికి కూడా అంతే టైం పడుతుంది.