దక్కన్ అల్లర్లు, 1875: గుంపుకి కావాల్సింది కాగితాలే

డిగ్రీ పిల్లలకు ఆధునిక భారత చరిత్ర చెబుతాను. రైతులు షావుకార్ల మీద తిరగబడ్డ దక్కన్ అల్లర్ల పాఠం వచ్చిందంటే ఏటా పిల్లల నోట అవే అపోహలు.

అపోహ: గుంపుకి ఒళ్లు తెలియదు, కంటపడిందల్లా తగలబెడుతుంది.

వాస్తవం: మే 12న పూనా జిల్లా సూపాలో ఎగబడ్డ రైతులకు ఏం కావాలో బాగా తెలుసు. షావుకార్ల దగ్గరున్న అప్పు పత్రాలు, ఖాతా పుస్తకాలు. అవి దొరకబుచ్చుకుని కాల్చారు. ధాన్యం కొట్లు దోచారు, కొన్ని ఇళ్లకూ నిప్పు పెట్టారు, కాదనను. మనుషుల మీద చెయ్యి పడింది మాత్రం తక్కువ.

కాగితం మీదే అంత కసెందుకు? 1859 చట్టంతో అప్పు పత్రం మూడేళ్లే చెల్లుతుంది. వడ్డీ పేరుకుపోకుండా రైతు మేలుకని తెచ్చిందే! షావుకారు మూడేళ్లకోసారి అసలూ వడ్డీ కలిపేసి కొత్త పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మన ఊళ్లలో ‘నోటు తిరగరాయడం’ అంటాం చూడండి, అదే. కట్టిన డబ్బుకి రసీదుండదు. కోర్టుకెళితే చెల్లేది ఆ కాగితమే.

అపోహ: ఆకలి ముదిరి తిరగబడ్డారు.

వాస్తవం: ఆకలి వాళ్లకు కొత్తేం కాదు. అప్పు పుట్టకపోవడం కొత్త. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో అక్కడి పత్తి బ్రిటన్‌కి రాక మన పత్తికి గిరాకీ పెరిగింది, షావుకార్లు ఎకరానికి 100 రూపాయలు బయానా ఇచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, ధర పడింది, షావుకారు చెయ్యి ముడిచాడు. సర్కారేమో శిస్తు 50 నుంచి 100 శాతం పెంచింది. తరాలుగా ఇస్తున్నవాడు ఈ సమయంలో పొమ్మంటే రైతుకి అది మాట తప్పడమే.

అపోహ: అల్లర్లతో ఒరిగేదేం లేదు.

వాస్తవం: ఒరిగింది, వంకరగా. 951 మందిని అరెస్టు చేశారు. 1857 ఇంకా మరవని సర్కారు విచారణకు కమిషన్ వేసింది. తప్పు శిస్తుది కాదు, షావుకారుదేనని ఆ కమిషన్ తేల్చింది (వేసినవాళ్లది తప్పని ఏ కమిషన్ చెబుతుంది!). 1879లో దక్కన్ రైతుల కోసం చట్టం వచ్చింది. బాకీ కింద రైతును జైల్లో పెట్టడం ఆగింది, పత్రం వెనకున్న అసలు లెక్క తవ్వే వీలు కోర్టుకి దక్కింది. శిస్తు విధానం జోలికి ఎవరూ పోలేదు. షావుకార్లు పొలానికి తాకట్టు పత్రాలు మానేసి, ఏకంగా అమ్మకం దస్తావేజులే రాయించుకోవడం మొదలెట్టారు.